బీరువా మీద ఛార్టు

“స్వర్ణా, నా మేజోళ్లు ఏటైపోనాయే?”

కృపారావు ఈ కేక ఝపటాపూర్‌లోని ఇంట్లో వేస్తే ఊరికి ఆ చివరనున్న ఖరిదా బజారులో కాకులు లేచిపోతాయి. మేజోళ్లు మాత్రం అతని చేతికి జానెడు దూరంలో, బీరువాలోనే ఉంటాయి. పదకొండేళ్లుగా మొగుడి మేజోళ్లు, అత్తగారు ఎస్తేరమ్మ కళ్లజోడు, ఇంటిల్లిపాదికీ కావలసిన సమస్తం జాడ స్వర్ణకుమారి తలలోనే ఉంది.

అది 1999. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. కంప్యూటర్లో దాచే ఎక్స్ఎమ్ఎల్ అనే తరహా పత్రాల్లో అడిగిన ముక్కను వెతికిపెట్టే ప్రోగ్రాము ఒకటి అక్కడుంది. దేశదేశాల వాళ్లు ఉచితంగా పంచుకుంటూ, ఎవరికి చేతనైన మరమ్మతు వాళ్లు చేసేది. దానికో జబ్బు. ఏది అడిగినా పత్రమంతా మొదటినుంచి చదివితేగానీ నోరు విప్పదు. ఈలోగా తాల్‌బగీచా బజారుకు వెళ్లి, చేప కొని, వండుకు తిని, కునుకు తీసి రావచ్చు.

“సోమవారానికి దీనికి ఇండెక్సు పెట్టండి, మీ పేరుతోనే పంపుదాం. లేదంటే ఇంకొకరికిస్తాను,” అన్నాడు ల్యాబు చూసే హరనాథ్ సారు.

ఎలా పెట్టాలో ఆమెకు తెలుసు. ఏ ముక్క ఎక్కడుందో ముందే ఒకసారి రాసిపెట్టుకుంటే, అడగ్గానే తిన్నగా అక్కడికే పోవచ్చు. లేనిదల్లా కుదురుగా కూర్చునే వ్యవధే. శనివారం ఇంట్లో పెన్ను పట్టింది. “కళ్లజోడేదే?” లేచింది. కూర్చుంది. “రుమాలేదే?” మళ్లీ లేచింది.

“కూకుని గీతలు గీసుకోడం కూడా ఓ పనేటే?” వాకిట్లో మైదా జిగురు కలుపుతూ నవ్వాడు కృపారావు. ఎవరి సీటు ఎక్కడో చెప్పే రిజర్వేషన్ ఛార్టులు రైలుపెట్టెలకు అంటించడం అతని ఉద్యోగం. “పనంటే నాది. ఒక్క పూట నాను ఛార్టు అంటించకపోతే పేసింజర్లు ఆ కొసకీ ఈ కొసకీ పరిగెట్టి సస్తారు, తెలుసా?”

స్వర్ణ అతనివైపు తేరిపార చూసింది. ఊరందరి పరుగూ ఆపి వచ్చి, ఈ మనిషి ఇంట్లో పెళ్లాన్ని పరిగెత్తిస్తున్నాడు! ఫక్కున నవ్వొచ్చింది.

“ఆ జిగురు కాస్త ఉంచండి,” అంది.

ఆదివారం ప్రార్థన కాగానే ల్యాబుకు పోయింది. సాయంత్రానికి ప్రశ్న కొట్టి మీట మీంచి వేలు తియ్యకముందే జవాబు తెర మీద నిలబడింది. ప్రోగ్రాము చేసినవాళ్ల వరుసలో తన పేరు తనే రాసుకుంది.

సరిగ్గా అప్పుడే ఇంట్లో కేక. “స్వర్ణా, మేజోళ్లు!”

“అరవకురా, నీ పెళ్లాం బీరువాకి ఛార్టు అంటించింది,” అంది ఎస్తేరమ్మ. కళ్లజోడు ఎక్కడుందో అందులోని బెత్తెడేసి అక్షరాల్లోనే చూసి, ఎవర్నీ అడక్కుండా తెచ్చుకుని పెట్టుకుంది మరి. “మేజోళ్లు, రెండో అర, ఎడమ పక్క.”

“మరి స్వర్ణేదే అమ్మా?”

“అదీ రాసిందిరా. ఆఖరి వరస సూడు.”

కృపారావు వంగి చదివాడు. ‘స్వర్ణకుమారి. ల్యాబు, కిటికీ పక్క సీటు. కన్‌ఫర్మ్.’