ఎర్రచుక్క పెట్టిన గడి

సోమ, బుధవారాల్లో రెండో పీరియడ్ ఆమెది. సాఫ్ట్‌వేర్ చదివే పిల్లలకి, దాన్ని వాడే మనిషి గురించి ఆలోచించడం నేర్పే క్లాసు. మార్కులు తక్కువ గనక సగంమంది హాజరు వేయించుకుని ఫోన్లలో తల దూర్చేవాళ్ళు. యూజర్లకి బుర్ర ఉంటే ఈ సబ్జెక్టే అక్కర్లేదని ఏటా ఒకడైనా అంటాడు. బుర్ర ఉన్నవాళ్ళు నీ ప్రోగ్రాం వాడరు నాయనా అని ఏటా ఆమె అదే జవాబు చెప్తుంది.

ల్యాబు బయట వరండాలో నాలుగు బెంచీలు. పిల్లలు తయారుచేసిన స్క్రీన్ దగ్గర ఎవరు చిక్కుకుపోయినా, ఇంట్లోంచి ఉన్నపళంగా ఫోనుతో సహా వచ్చి వాటిమీద పడేవాళ్ళు. ఫారం ముందుకు కదిలితేనే మళ్ళీ ఇంట్లో తేలడం. ఒకావిడ చేతిలో గరిటెతో వచ్చింది. ఒకాయన సగం గడ్డం గీసుకుని వచ్చాడు. ఊడ్చే ఆయమ్మ, కాళ్ళు ఎత్తండి అని విసుక్కుంటూ వాళ్ళకింద తడిగుడ్డ పెట్టేది. హెడ్డుగారు ఐదో బెంచీకి అర్జీ రాశారు.

ఆమె పాఠం అక్కడే. పిల్లలు ఎదురుగా స్టూలేసుకుని పది నిమిషాలు చూడాలి. మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. మూడో నిమిషానికే మగపిల్లల చేతులు లేచేవి. తిన్న కంచం కడగడానికి లేవని చేతులు పరాయి ఆడమనిషి ఫోను మీదికి ఎంత చురుగ్గా లేస్తాయోనని ఆమె అనేది.

ఆ సోమవారం మూడో బెంచీ చివర ఆమె అక్క కూర్చుని ఉంది.

అక్కకి రొమ్ములో గడ్డ. శుక్రవారం ఆపరేషన్. ముందుగా ఆసుపత్రి ఫారం నింపాలి. అందులో ఇంటి అడ్రసు తర్వాత భర్త పేరు అనే గడి, పక్కన ఎర్రచుక్క. ఖాళీగా వదిలితే కదలదు. అక్క ఆ మనిషి ఇంట్లోంచి విరిగిన చేత్తో బయటికొచ్చి ఆరేళ్ళు. మూడు ఇళ్ళు మారింది, వాడికి తెలియకుండా.

ఆ ఫారం చేసినవాడు క్లాస్ ఫస్ట్ కుర్రాడు. నిరుడు ఈమె క్లాసులోనే చేశాడు, ఆసుపత్రి తీసుకుంది. పిలిచి అడిగితే, మార్చాలంటే తాళాలు ఇప్పుడు ఆసుపత్రి చేతిలో ఉన్నాయన్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, వచ్చేనెల కమిటీలో పెడతామన్నారు. వెనక్కి వెళ్ళే బటనైనా లేదేమని కుర్రాణ్ణి అడిగింది.

"మీరే చెప్పారు కదా మేడమ్, తప్పు చేసే అవకాశమే ఇవ్వొద్దని. పదికి పది వేశారు."

వేసింది. ఐదుగురు ఆడవాళ్ళతో పరీక్ష చేయించాకే వేసింది. ఆ ఐదుగురూ లెక్చరర్ల భార్యలు. భర్త పేరు దగ్గర ఒక్కరికీ వేలు ఆగలేదు. ఎంత సాఫీగా సాగిందో అని ఆవేళ బోర్డు మీద రాసి మరీ మెచ్చుకుంది.

రెండు రోజులు అక్క బెంచీ మీదే తిని, బెంచీ మీదే పడుకుంది. చెల్లెలు ఆటో ఎక్కించబోతే, గేటు దాటేలోపు మళ్ళీ బెంచీ మీదే ఉంది.

బుధవారం రెండో పీరియడ్‌కి కుర్రాడు స్టూలు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. అక్క 'లేడు' అని కొట్టింది. ఎరుపు. ఒక గీత పెట్టింది. ఎరుపు. పోయిన నాన్న పేరు రాసింది. మీ ఆధార్ వివరాలతో సరిపోలడం లేదు అంది స్క్రీన్. కుర్రాడి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

అక్క ఆ మనిషి పేరు మొదటి అక్షరం కొట్టేసరికి చెల్లెలు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకో దారి చూద్దామక్కా."

"ఏదే దారి? గేటు దాకా కూడా లేదు. గడ్డ కమిటీ కోసం ఆగుతుందా? తియ్యి చెయ్యి."

తీసింది. అక్క పేరంతా కొట్టింది. స్క్రీన్ ఆకుపచ్చగా మారి, ధన్యవాదాలు, మీ భర్తగారి సమ్మతి కోసం సందేశం పంపాం అంది. బెంచీ ఖాళీ అయింది. ఆయమ్మ వచ్చి ఆ చోటు తుడిచింది.

సాయంత్రం స్టాఫ్ రూములో ఉండగా అక్క ఫోన్ చేసింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"సంతకానికి వస్తానన్నాడే. మర్యాదగానే మాట్లాడాడు."

"ఇల్లెక్కడో చెప్పలేదు కదా?"

"అడగనే లేదు. ఆ సందేశంలో ఉందట."