ఏడో కెమెరా

సముద్రపు పోటు ఎక్కేలోపు చెట్టుకు కట్టిన ఏడో కెమెరా విప్పాలి. తొడలదాకా బురదలో దిగబడి, మడచెట్ల వేళ్లు పట్టుకుని కోటిలింగం ఒక్కో కాలూ పీక్కుంటున్నాడు. అరికాలు ఆల్చిప్పకు కోసుకుంది. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. పడవలో ఉన్న శ్రీజకు చెప్పలేదు.

ముప్పయ్యేళ్లుగా ఈ పాయల్లో పీతలు పట్టి బతికిన మనిషి. నిరుడు ఇక్కడే బావురుపిల్లి చేపను కరుచుకుపోతుంటే కళ్లారా చూశానన్నాడు. నాగాయలంక రేవులో సత్యానందం అప్పట్నుంచీ వదల్లేదు. "ఏం బావా, మీ పిల్లి కులాసానా?" అంటాడు. రేవంతా నవ్వుతుంది. నమ్మింది, జంతువుల లెక్కకు బందరు నుంచి వచ్చిన శ్రీజ ఒక్కతే. నలభై రోజులు, ఏడు కెమెరాలు. ఆరింటిలో నక్కలూ కొంగలే పడ్డాయి. రేపు కెమెరాలు వెళ్లిపోతాయి.

ఈ ఏడోదాన్ని వారం కిందట ఇక్కడికి మార్చి కట్టింది తనే. పోటు తగ్గి నీళ్లు తీసిన రోజున, పిల్లి ఎత్తు చూసుకుని మోకాలి మట్టాన కట్టాడు. నీళ్లలో పుట్టి పెరిగినవాడు నీటి ఎత్తే మరిచాడు. ఇవాళ అమావాస్య, పోటు పెద్దది.

"బాబాయ్, పోతే పోయింది, వచ్చేయండి!" శ్రీజ అరిచింది.

"మీకేమమ్మా, ఇంకోటి కొంటారు. రేవులో నవ్వేది నన్ను!"

నీళ్లు కెమెరా పెట్టె అడుగును నాకుతున్నాయి. ముడి ఉబ్బి బిగుసుకుంది. గోళ్లకు లొంగలేదు. పళ్లతో కొరికి లాగాడు. ఊడిన పెట్టెను నెత్తిన పెట్టుకుని, ఛాతీలోతు నీళ్లలో తిరిగి వచ్చాడు. పడవలోకి పాకి, పెట్టె ఆమె చేతికిచ్చి, వెల్లకిలా పడుకున్నాడు.

శ్రీజ కార్డు తీసి తన కెమెరాలో పెట్టింది. ఆకులు. పీత. మళ్లీ ఆకులు. తర్వాత, ముంగాలు నీళ్లలో ముంచి, చుక్కల ఒళ్లంతా కూడదీసుకుని, సూటిగా ఇటే చూస్తూ...

"బాబాయ్! పడింది!"

అతను మెడెత్తి చాలాసేపు చూశాడు. "పొట్టి తోక. అదే. చెవి చిరిగిందమ్మా, పెద్దదైపోయింది పాపం." తల వాల్చాడు. "ముందు సత్యానందానికి చూపించండి."

"మీరే చూపిద్దురుగాని," అని నవ్వుతూ ఆమె ఇంజను తిప్పింది. మలుపు దాటాక ఏదో అడిగింది. జవాబు రాలేదు. వెనక్కి తిరిగి చూసింది.

రేవులో అతన్ని ఎత్తి దించిన నలుగురిలో సత్యానందం ఒకడు. ఫొటో ఎవరూ అడగలేదు.

పడవ చెక్కల సందులో, వచ్చాక కాల్చుకుందామని దోపుకున్న సగం చుట్ట, చుక్క తడి తగలకుండా అలాగే ఉంది.