గడప దాటిన దూడ

గడ్డి గది ఖాళీ చేసి ఇవ్వడానికి తహానీ ఒక్కటే షరతు పెట్టింది.

"ఆ గదిలోకి నువ్వు ఏ చచ్చిన పక్షినైనా తెచ్చుకో, ఏ నక్కనైనా కుట్టుకో, నేను అడగను. తోళ్లకి రాసే ఆ విషం మాత్రం గడప దాటి ఇవతలకి రాకూడదు. వచ్చిందా, ఆ రోజే నీ సామాను వీధిలో ఉంటుంది, నా గడ్డి గదిలో ఉంటుంది."

బయూమీ గుండెల మీద చెయ్యి పెట్టుకుని సరేనన్నాడు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో పెళ్లానికిచ్చిన మాట అతను ఎన్నడూ తప్పలేదు. తప్పేంత పెద్ద మాటలు ఇవ్వాల్సి రాలేదు కూడా.

అతను పరుపులు కుట్టేవాడు. పెళ్లి కుదిరిన ఇంటి మిద్దె మీద చాప పరుచుకుని, నిలువెత్తు విల్లుతో టంగుటంగుమని దూది ఏకుతుంటే చుట్టుపక్కల ఆడవాళ్లు చేరి పాటలు పాడేవారు. స్పాంజి పరుపులు వచ్చాక ఆ విల్లుకి పని పోయింది. పోయిన ఏడాది మొత్తానికి మూడు పెళ్లి పరుపులు, ఒక ముసలాయన మెడనొప్పికి దిండు. అంతే.

వాళ్ల ఊరు అబూ రవాష్‌లో కొన్ని ఇళ్లవాళ్లు తాతల నాటి నుంచీ మరో పని చేస్తున్నారు. చచ్చిన జంతువుల తోలు ఒలిచి, లోపల కూరి, బతికున్నట్టు నిలబెడతారు. బడులవాళ్లు పిల్లలకి చూపించడానికి కొనుక్కుపోతారు. వాళ్లలో పెద్దవాడు గాబల్లా; పనిలో ఆరితేరినవాడని అందరూ ఉస్తా అంటారు. ఆయన ముగ్గురు కూతుళ్ల పెళ్లి పరుపులూ బయూమీ చేతివే. అందుకని బయూమీ వెళ్లి పని నేర్పమని అడిగినప్పుడు ఆయన నవ్వాడే గాని కాదనలేదు.

"కూరడం నీకు నేను నేర్పక్కర్లేదు బయూమీ. ఎక్కడ ఆపాలో నేర్పాలి" అన్నాడు.

రెండు నెలలు ఆయన దగ్గర కూర్చుని వచ్చాక బయూమీ సొంత గది సర్దుకున్నాడు. ఉత్తరపు కిటికీకి సన్న జల్లెడ తీగ కొట్టాడు, పిల్లులూ ఈగలూ రాకుండా. పాత తలుపు ఒకటి నాలుగు కొయ్యల మీద పరిచి, పైన రేకు వేసి బల్ల చేశాడు. దాని మీద రెండు సన్నకత్తులు, ఒక పట్కారు, మూడు మందాల్లో తీగచుట్టలు. కింద ఉప్పు బస్తా, నెత్తురు పీల్చడానికి రంపపుపొట్టు, కూరడానికి నార. గాజుకళ్లు సోంపు డబ్బాలో జతలు జతలుగా దాచాడు. అందులో అన్నిటికన్నా పెద్ద జత, ఎప్పటికైనా గాడిదని చెయ్యకపోతానా అని ఆశపడి కొన్నది. తోలుకి పురుగు పట్టకుండా రాసే పాషాణం మందు ఇనప్పెట్టెలో పెట్టి, తాళం వేసి, కప్పుకి దగ్గరగా ఉన్న అటక మీద ఉంచాడు. చేతితొడుగులు మేకుకి తగిలించాడు. గదిలో తొడుక్కునే చెప్పులు వేరు, ఇంట్లో తిరిగేవి వేరు.

మొదటి పని ఒక పావురం. ముప్ఫయ్యేళ్ల అలవాటు చేతుల్లోంచి ఎక్కడికి పోతుంది? బిగించి బిగించి కూరాడు. ఆరాక తెచ్చి అత్తగారు నఫూసాకి చూపించాడు. కూతురి దగ్గరే ఉండే ఆవిడకి చూపు తగ్గింది గాని నోరు తగ్గలేదు. పావురాన్ని అరచేతుల్లో అటూ ఇటూ నొక్కి చూసింది.

"చాలా బాగుంది అల్లుడూ. దీనికి గలీబు కూడా కుట్టి ఇస్తావా?"

తహానీ అంట్లు తోముతూనే పొట్ట పట్టుకుని నవ్వింది. బయూమీకి రోషం వచ్చింది గాని, పావురం నిజంగానే దిండులా ఉంది, ఏమంటాడు?

ఇలా ఉండగా శనివారం నాడు బర్సీమా ఈనింది.

బర్సీమా తహానీ గేదె. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది. ఇంటికి నెయ్యీ, జున్నూ, పొరుగువాళ్లు వాడుకగా తీసుకునే పాలూ అన్నీ దానివే. తహానీ గొంతు వీధి మలుపులో వినిపిస్తే చాలు, పాకలోంచి అరిచేది. పెళ్లాం తనని చూసి ఎప్పుడైనా అలా మురిసిందా అని బయూమీ ఒకసారి ఆలోచించి, ఆ ఆలోచన అక్కడితో మానేశాడు.

పుట్టింది మగదూడ. తహానీ ఇంట్లో తొడుక్కునే తన పాత గలబియా, పాదాల దాకా వచ్చే వదులు గౌను, తెచ్చి, దూడని తల నుంచి తోక దాకా తుడిచి, అదే కింద పరిచి పడుకోబెట్టింది. నాలుగు రోజులు గంతులేసింది. బుధవారం విరేచనాలు పట్టుకున్నాయి. పశువుల డాక్టరు వచ్చి సూది వేసినా గురువారం పొద్దునకి దూడ లేదు.

బర్సీమా మేత ముట్టలేదు. తహానీ పొదుగు కింద కూర్చుని ఎంత నిమిరినా చేపలేదు. పాలున్నాయి, పొదుగు రాయిలా ఉంది, కిందకి వదలడం లేదు. తలుపు వంక చూస్తూ నిలబడింది, అంతే.

"మంగళవారం సంతలోపు చేపకపోతే వట్టిపోతుంది. వట్టిపోయినదాన్ని ఏడాదిపాటు మేపే గడ్డి మనకెక్కడుంది? కసాయివాడే దిక్కు" అంది తహానీ. ఏడవలేదు. బయూమీకి అందుకే ఎక్కువ భయం వేసింది.

నఫూసా గోడకి ఆనుకుని అంది: "మా అమ్మ కాలంలో చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్లు. బవ్వు అనేవాళ్లు. బిడ్డే అనుకుని చేపేది వెర్రి తల్లి."

ఆ మాట వినగానే తహానీ లేచి, బయూమీని వెంటబెట్టుకుని వెళ్లి, గది తీసుకున్న దగ్గర్నుంచీ ఒక్కసారీ తొక్కని ఆ గడప దగ్గర నిలబడింది. లోపలికి మాత్రం వెళ్లలేదు.

"బయూమీ, దూడని నిలబెట్టగలవా?"

"ఇంతవరకు పావురం తప్ప..."

"పావురం సంగతి నాకెందుకు? నిలబెట్టగలవా లేదా?"

"నిలబెడతా" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా బయూమీ తిండికి తప్ప గది దాటలేదు. ఉస్తా చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఒలవకముందే తాడుతో కొలతలు తీసుకున్నాడు. తోలు ఒలిచి, ఉప్పు రాసి, సబ్బుతో కడిగి, లోపలంతా మందు పట్టించాడు. కాళ్లకి మందపు తీగ, మెడకి రెండు పేటల తీగ వేశాడు. నార కూరుతూ గుప్పెడు గుప్పెడుకీ ఆగి, 'చాలా? చాలా?' అని తనని తాను అడిగాడు. గాడిద కోసం దాచిన గాజుకళ్లు తీసి పెట్టాడు. కిటికీ గాలికి ఆరబెట్టి, చివరగా పురుగు పట్టకుండా వెంట్రుకల మీద కూడా మందుపొడి చల్లి బ్రష్షుతో దువ్వాడు.

దూరం జరిగి చూసుకుంటే నమ్మశక్యం కాలేదు. మెడ కొంచెం లావైంది గాని, తల ఒక పక్కకి తిప్పి, ఎవరో పిలిస్తే చూస్తున్నట్టుంది. తన చేతులు ఇంత పని చేశాయా అనుకున్నాడు. ఉస్తాని పిలిచి చూపించాలనిపించింది. కానీ ముందు చూడాల్సింది బర్సీమా.

దూడని ఎత్తుకుని పాకలోకి తెస్తుంటే తహానీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అచ్చం అలాగే ఉందే... ఆ చెవి కూడా అలాగే వేలాడేసేది."

బర్సీమా ముందు నిలబెట్టారు. అది మెడ చాచి వాసన చూసింది. బుస్సుమని గాలి వదిలి ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ చూసింది, మళ్లీ బుస్సుమంది. తల తిప్పుకుని తలుపు వంక చూడసాగింది.

"కళ్లు చూడవే పిచ్చిదానా, ఎంత బాగున్నాయో" అన్నాడు బయూమీ దీనంగా.

"కళ్లు ఎవరికి కావాలి అల్లుడూ? గేదెకి ముక్కే కన్ను" అంది నఫూసా. "మందుల కొట్టు వాసన వేస్తోంది నీ దూడ. నాక్కూడా తెలుస్తోంది."

"ఉండండి, ఉప్పు రాస్తా" అంటూ తహానీ ఉప్పు గుప్పిట పట్టి దూడ వీపంతా ఉత్త చేత్తో రుద్దింది. "ఉప్పు తగిలితే నాకుతుంది. రెండుసార్లు నాకిందంటే తనదే అనుకుంటుంది. రా తల్లీ, రా."

ఉప్పు వాసనకి బర్సీమా వెనక్కి తిరిగింది. మెల్లగా మెడ వంచింది. బూడిదరంగు నాలుక బారెడు బయటికి వచ్చింది.

బయూమీ ఆ నాలుకని చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఉస్తా ఇంట్లో చేసిన నక్కల్నీ కొంగల్నీ బీరువాల్లో పెట్టి చూస్తారు. వాటిని నాకేవాళ్లు ఎవరూ లేరు. మందు డబ్బా గడప దాటలేదు, నిజమే. మందు దాటింది. నాలుగు కాళ్ల మీద, తన చేతుల మీదుగా దాటింది.

"వద్దు!" అని అరిచి దూడకీ గేదెకీ మధ్యన పడ్డాడు. నాకబోయిన నాలుక అతని చెవి నుంచి మెడ దాకా గరగరా గీసింది. దూడని కాగలించుకుని పాక బయటికి లాగేశాడు.

"నీకు పిచ్చా? నాకబోతుంటే..."

"చేతులు కడుక్కో తహానీ! సబ్బుతో, మోచేతుల దాకా! ముఖం ముట్టుకోకు!"

అతని ముఖం చూసి తహానీ వెంటనే కడుక్కుంది. మూడుసార్లు కడిగించాడు. తనూ కడుక్కున్నాడు. తర్వాత తలొంచుకుని చెప్పాడు: "వెంట్రుకల మీద కూడా మందు చల్లాను. నాకి ఉంటే చచ్చిపోయేది. నీకిచ్చిన మాట తప్పాను. సామాను నేనే వీధిలో పెట్టేస్తా."

తహానీ తడిచేతులు దులుపుకుంది.

"పొద్దున్నే సంత" అంది. "ఈలోగా ఏదైనా చెయ్యి. గది సంగతి అది చేపాక మాట్లాడతా."

బయూమీ దూడని గదిలో పెట్టి, తలుపు వేసి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని వచ్చి పాక ముందు కూలబడ్డాడు. చేతులు ఖాళీ. తోలు ఇక పనికిరాదు. గేదెకి ముక్కే కన్ను, అంది ముసలావిడ. వాసన కావాలి. దూడ వాసన ఇంకా ఎక్కడ మిగిలి ఉంటుంది?

"తహానీ, ఆ గలబియా ఉతికేశావా?"

నఫూసానే చెప్పింది: "ఏం ఉతుకుతుంది? మడిచి తలగడ కింద పెట్టుకుంది. నాకు తెలీదనుకుంటోంది. రాత్రంతా అదే కంపు."

"చెయ్యి రాలేదమ్మా" అంది తహానీ గోడ వైపు తిరిగి.

బయూమీ లేచాడు. గదిలోకి వెళ్లలేదు. ఆ దబ్బనాలు వద్దు, ఆ నార వద్దు. ఇంటి వెనక మేకుకి వేలాడుతున్న పాత పరుపుల సంచీ తీశాడు. అందులో తన పొడుగు దబ్బనం, మైనం పట్టించిన దారం ఉన్నాయి. గోధుమలు పోసే గోనెసంచీ ఒకటి దులిపి, చాప పరుచుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తహానీ గంపతో గోధుమ గడ్డి తెచ్చి పోసింది. కొలతల్లేవు, తీగల్లేవు. చేతులు వాటంతటవే నడిచాయి. ఒళ్లు ఒక పెద్ద తలగడ, కాళ్లు నాలుగు చిన్నవి, మెడ ఒక గుండ్రటి దిండు. ఈసారి ఎక్కడ ఆపాలో ఎవర్నీ అడగలేదు. తల్లి ముట్టెతో పొడిస్తే అణగాలి, మళ్లీ లేవాలి, అంతే కదా. పైన గలబియా తొడిగి, పరుపు అంచు కుట్టినట్టు చుట్టూ కుట్టేశాడు.

"గడ్డి బయటికొస్తే?" అంది తహానీ.

"తినేస్తుంది. గడ్డేగా!"

సాయంకాలపు ప్రార్థన పిలుపు వినిపిస్తుండగా దాన్ని బర్సీమా ముందు పెట్టారు. ఆ ఆకారం చూసి నఫూసా దగ్గు వచ్చినట్టు నోరు మూసుకుంది. దానికి ముఖం లేదు, చెవుల్లేవు. మోకాళ్లు అరిగిన పూల గలబియా తొడుక్కున్న దిండు.

బర్సీమా ముక్కు ఆనించింది. కదల్లేదు. మళ్లీ ఆనించి, గొంతు లోపల్నించి ఊఁ అంది. ఈనిన రోజు నుంచి దూడ పోయిన రోజు దాకా అన్నదే, ఆ తర్వాత అనలేదు. నాలుక చాచి ఒక్క నాకు నాకితే దిండు పక్కకి పడిపోయింది. బయూమీ గబుక్కున మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో నిలబెట్టి పట్టుకున్నాడు.

"వదలకు" అని గొణిగి తహానీ బకెట్టుతో పొదుగు కిందకి జరిగింది.

మొదట ఏమీ రాలేదు. తర్వాత రేకు మీద ఒక చుక్క టింగుమంది. ఇంకొకటి. ఆ తర్వాత రెండు ధారలు సర్రుసర్రుమని, ఆ చప్పుడు మెల్లగా మెత్తబడి, నురగలోకి దిగిపోయింది. గేదె పొట్టకి నుదురు ఆనించి పాలు పితుకుతున్న తహానీ భుజాలు కదులుతున్నాయి. అయిదు రోజుల ఏడుపు ఇప్పుడు ఏడుస్తోందని బయూమీకి తెలిసింది. తెలియనట్టు దూడని పట్టుకుని కూర్చున్నాడు.

మంగళవారం సంత దాని దారిన అది జరిగిపోయింది. మధ్యాహ్నం ఉస్తా గాబల్లా వచ్చి, గదిలో ఉన్న తోలుదూడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "మెడ ఎక్కువైంది. చూపు మాత్రం నా నలభై ఏళ్ల పనిలో నాకు కుదరలేదురా" అన్నాడు. బయూమీ ఆయన్ని పాకలోకి తీసుకెళ్లి రెండోదాన్ని చూపించాడు. ఉస్తా దాన్ని వేలితో నొక్కి చూసి, పాలగ్లాసు అందుకుని తాగాడు.

ఆయన వెళ్లాక తహానీ చెయ్యి చాపింది. "తాళం."

"గదిదా?"

"గది నీకిచ్చి అఘోరించాను కదా, ఉంచుకో. ఇనప్పెట్టెది. మందు కావాల్సి వచ్చినప్పుడల్లా నన్నడుగు. ఏం చేస్తున్నావో, దాన్ని ఎవరు ముట్టుకుంటారో, ఎవరు నాకుతారో చెప్పు. అప్పుడిస్తా."

అతను తాళంచెవి ఇచ్చాడు. ఆమె దాన్ని మెడలోని గొలుసుకి కట్టుకుని, పాక వైపు చూసింది.

"ఇంకోటి. నా దూడకి కళ్లు పెట్టు."

"బర్సీమాకి కళ్లతో పనేముందే?"

"దానికి కాదు. నాకు."

బయూమీ పరుపుల సంచీలో వెతికాడు. తెల్ల గుండీలు రెండు దొరికాయి. కుట్టబోయి ఆగాడు. గుండీ ఊడితే నాలుకకి అంటుకుంటుంది, గొంతులోకి పోతుంది. గుండీలు సంచీలో వేసేసి, నల్లదారం ఎక్కించుకుని, పక్కపక్కనే చిన్న కుట్లు వేస్తూ పోయాడు. ఒక కన్ను కొంచెం పెద్దది వచ్చింది. తహానీ వంగి చూసి, బాగుందంది.