మూత లేని డబ్బా

యంత్రం గీసిన కాఫీ గీతలో ఉండకూడని చోట చిన్న గుట్ట లేచింది. రమ్య కాగితాన్ని దగ్గరికి లాక్కుని మళ్లీ చూసింది.

2013 వేసవిలో కామారెడ్డి కాలేజీ ల్యాబులో ఆమె చేస్తున్నది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. కొన్నది ఒకే కాఫీ పొడి. అందులో సగాన్ని, గట్టిగా మూసిన ప్యాకెట్లో ల్యాబులోనే ఉంచింది. మిగతా సగం ఎల్లారెడ్డిలో తమ ఇంట్లో, మూత లేని డబ్బాలో నెల రోజులు పెట్టింది. గాలి తగిలితే యాంటీ ఆక్సిడెంట్లు ఎంత తగ్గుతాయో లిక్విడ్ క్రోమటోగ్రఫీ యంత్రం చెప్పాలి. తగ్గాయనే చెప్పింది. అడగనిది కూడా చెప్పింది. ప్యాకెట్ పొడిలో లేని గుట్ట ఇంటి పొడిలో ఉంది.

ఇల్లంటే ఒక్కటే గది. అందులోనే తల్లి నాగవ్వ బీడీలు చేస్తుంది. పురుటికి వచ్చిన అక్క కళ పసిబిడ్డ తొట్టెల కూడా అందులోనే వేలాడుతోంది. ఆ గుట్ట బీడీల పొగాకు దుమ్ముదేమోనని రమ్య అనుమానం.

"అనుమానమెందుకు? తంబాకు నానబెట్టి, ఆ నీళ్లు యంత్రానికి ఎక్కించి చూడు. తేలిపోతది," అన్నాడు ల్యాబు చూసే హరిచంద్ సార్.

పరీక్షలప్పుడు కూడా దేవుణ్ణి తలచుకోని పిల్ల, యంత్రం నడుస్తున్నంతసేపూ కనిపించని దేవుళ్లందరికీ మొక్కింది. ఈసారీ గుట్ట సరిగ్గా అక్కడే లేచింది. డబ్బాలో పడిన దుమ్ము తొట్టెలలో పడకుండా ఉంటుందా?

ఎల్లారెడ్డి బస్సు చెయ్యెత్తిన ప్రతివాడికీ చుట్టమే. అది ఆగినప్పుడల్లా ఆమె డ్రైవరు వైపు చూసింది.

ఇంట్లో నాగవ్వ ఒళ్లో చేటతో కూర్చుని అంతా విన్నది. ఆకు మీద చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు, అక్క గీ సాట పక్కకే పండి పెరిగిండ్రు," అంది. "నీకేం కాలే కద బిడ్డా?"

ఏమీ కాలేదని చెప్పాలనుకుంది రమ్య. కానీ ఆమె చూపు తొట్టెల మీదికి పోయింది.

నాగవ్వ చేట తీసుకెళ్లి వాకిట్లో ఎండలో పెట్టింది. సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. ఇంతలో తొట్టెలలో పిల్లవాడు లేచి ఏడుపు అందుకున్నాడు. కళ నీళ్లకు పోయి ఇంట్లో లేదు. పుట్టినప్పటి నుంచీ వాడు ఏడిస్తే ముందు పరుగెత్తేది నాగవ్వే. ఇప్పుడూ తొట్టెల దాకా పరుగెత్తింది. అక్కడ ఆగి, చేతులు వాసన చూసుకుని, వెనక్కి జరిగింది.

"నువ్వే ఎత్తుకో బిడ్డా," అంది. "గీ చేతులతోని ముట్టాలంటే నాకు బుగులైతుంది."