ఒంటివేలి సైగ

పిచ్చుకకు పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. చేతులు మాత్రం క్షణం ఊరుకోవు, అందుకే ఇంట్లో ఆ పేరు పడిపోయింది. ఆమె సైగలను నోటిమాటల్లోకి, కాలేజీలో పాఠాలను సైగల్లోకి మార్చి చెప్పడం మేనత్త ఉద్యోగం. అందరూ వాళ్లను ఒక జట్టుగా చూసేవారు. కీచులాడుకోకుండా వాళ్లు ఇల్లు చేరిన రోజు లేదని ఎవరికి తెలుసు!

ఈసారి తగువు రాడికల్ అనే మాట మీద వచ్చింది. వృక్షశాస్త్రంలో ఆ మాట ముల్లంగి ఆకుల్లాంటి వాటికి వాడతారు, అంటే వేరు మొదట్లోంచే పుట్టుకొచ్చినట్టు నేలను అంటిపెట్టుకుని ఉండే ఆకులకు. అత్త దానికోసం పిడికిలి మీద వేళ్లు విప్పారే సైగ కల్పించింది. కొన్నాళ్లకు రసాయనశాస్త్రం మేడం కూడా అదే మాట పలికింది. అక్కడ దాని కథ వేరు. జత లేని ఎలక్ట్రాన్‌ను వెంటేసుకుని, ఎదురైనదానితో కలబడే అణువు ముక్క అది. పాఠం పరుగులు పెడుతోంది, అత్తకు ఆలోచించే తీరిక లేదు, పాత సైగే వాడేసింది. ఇంకేముంది, ఆ చురుకైన ముక్క కాస్తా పిచ్చుక బుర్రలో ముల్లంగిలా పాతుకుపోయింది. మౌఖిక పరీక్షలో "అది స్థిరంగా ఉంటుంది" అని ధీమాగా చెప్పి తప్పింది.

సంగతి తెలిశాక పిచ్చుక అత్త మీద అలిగింది, కానీ అలకతో కూర్చోలేదు. వినపడని పిల్లల్లో ఒక రివాజు ఉంది. కొత్త సైగ ఎవరు పుట్టించినా, మిగతావాళ్లంతా వాడి చూసి తలూపితేనే అది మాట కింద లెక్క. పిచ్చుక క్యాంటీన్ బల్ల దగ్గర అందరినీ కూర్చోబెట్టి తన సైగ చూపించింది. ఒక వేలు ఒంటరిగా నిలబడి, అటూ ఇటూ తచ్చాడి, రెండో చేతి వేలిని చటుక్కున పట్టుకుంటుంది. అందరూ తలూపారు.

మళ్లీ పరీక్ష వచ్చింది. ఇదీ తప్పితే ప్రయోగశాల కోర్సులో సీటు మీద ఆశ వదులుకోవలసిందే. ఆ గదిలోకి వెళుతుంటే పిచ్చుక కంటే అత్తకే ఎక్కువ చెమటలు పట్టాయి.

"మీరు మేనత్తట కదా," అన్నాడు పరీక్షాధికారి. "ప్రశ్న మాత్రమే చెప్పండి. ఒక్క ముక్క ఎక్కువైనా ఒప్పుకోను."

"అలాగే సార్."

నాలుగైదు ప్రశ్నలు సాఫీగా గడిచాయి. అప్పుడాయన కాగితంలోంచి తలెత్తకుండా, "రాడికల్ అంటే ఏమిటో చెప్పమనండి," అన్నాడు.

అత్త చేతులు సైగకు లేవబోయి ఆగాయి. కొత్త సైగ చేస్తే చాలు, జవాబు మొత్తం అందులోనే ఉంది. ఆ సైగ దొంగసైగ కూడా కాదు, పదిమందీ ఒప్పుకున్న మాటే. ఈయనకు సైగలు రావు, పట్టుకునేవాడెవడు? పైగా పిల్ల నెత్తిన ఈ గండం తెచ్చిపెట్టింది తానే. అత్త వేలు మెల్లగా పైకి లేచింది.

పిచ్చుక అది చూసింది. చూసి, కళ్లు గట్టిగా మూసుకుంది. మనం చెవులు మూసుకోవడం ఎలాగో ఆమెకు అదలాగ.

"ఏమైంది?" అన్నాడాయన.

"ఏం లేదు సార్," అంది అత్త. లేచిన వేలిని సిగ్గుతో దించింది. బల్ల మీద అరచేత్తో తట్టింది. ఆ అదురుకు పిచ్చుక ఒక కన్ను తెరిచి, "అక్షరాలు చెప్పు," అని సైగ చేసింది.

అత్త ఆ మాటను ఒక్కో అక్షరంగా వేళ్ల మీద చెప్పింది. పిచ్చుక చేతులు లేచాయి. అత్త ఆమె గొంతుగా పలికింది: "రెండున్నాయి సార్. ఆకులవా, రసాయనాలవా?"

పరీక్షాధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. "రెండూ చెప్పమనండి."

"ఇక్కడున్నాను సార్, నన్నే అడగండి," అంది పిచ్చుక, అత్త నోటితో.

ఆయన మొదటిసారి పిచ్చుక వైపు తిరిగాడు. పిచ్చుక పిడికిలి మీద ఆకులు విప్పి, అత్త సైగకు దాని చోటు దానికిచ్చింది. తర్వాత తన ఒంటివేలిని నిలబెట్టి, ఎలక్ట్రాన్ సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది.

"అది స్థిరంగా ఉంటుందా?"

"సాధారణంగా ఉండదు సార్. ఉంటుందని చెప్పే పోయినసారి తప్పాను. జత దొరికేదాకా ఊరుకోదు."

ఆయన మార్కులు వేశాడు. పాస్.

వరండాలోకి రాగానే అత్త ఆమె భుజం పట్టి ఆపింది. "ఎందుకే కళ్లు మూసుకున్నావు? ఆ జవాబు రాకపోతే ఏమయ్యేది? నా వేలు కదిలితే పాసయిపోయేదానివి కదే."

పిచ్చుక చేతులు ఈసారి తొందరపడలేదు. "పాసయ్యేది నీ వేలు అత్తా. నేను కాదు."

అత్తకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంటూ నడుస్తుంటే పిచ్చుక ఆమె చెయ్యి పట్టి లాగింది. ఆ కళ్లు మసకబారితే దారిలో తన కబుర్లు ఎవరు చూస్తారని దాని బాధ.