రెండో ఆదివారం

అత్తగారి వీపు తుడుస్తున్నప్పుడు సంయుక్త మాట్లాడదు. గోరువెచ్చటి నీళ్లలో తువ్వాలు ముంచి పిండటం, బాలసరస్వతిని ఎడమ పక్కకి ఒత్తిగిలబెట్టడం, పుండు పడుతున్న చోట ఒత్తిడి తగలకుండా తుడవటం, పౌడరు అద్దటం. పద్నాలుగు నెలలుగా రోజూ ఇదే. చేతులు వాటంతటవే పని చేసుకుపోతాయి. ఆ పావుగంటా మనసులో మాత్రం ఒకటే మాట తిరుగుతూ ఉంటుంది. ఆ రోజు నేను వెళ్లకుండా ఉంటే.

అప్పట్లో సంయుక్త ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంటు. పదిహేడేళ్ల సర్వీసు. పాడైన కిట్లన్నీ ఆమే బాగుచేసేది. తనిఖీకి ఎవరైనా వస్తే మాత్రం హెచ్.ఓ.డి. గారు, సంయుక్తగారూ టీలు చెప్పండి, అనేవారు. ల్యాబ్‌లో పారేసిన మోటార్లూ, ఒక పాత ఫోను కెమెరా, ప్లాస్టిక్ డబ్బా కలిపి ఇంటి బాల్కనీలో ఆమె ఒక చిన్న రోబోని తయారుచేసుకుంది. నాగాయలంక దాటాక వచ్చే మడ అడవిలో, మనిషి మోకాలి లోతు దిగబడే బురద మీద అది తిరగాలని ఆమె కోరిక. అక్కడి బడిలో పనిచేసే తెరేసమ్మ టీచరు ఏదో ట్రైనింగులో పరిచయమై, ఊరికే ఒక్కరే తిరగటమెందుకు, మా ఆడవాళ్లకి కూడా నేర్పండి అంది. అలా మొదలైంది. నెలనెలా రెండో ఆదివారం. పొద్దున చర్చి పక్క హాల్లో ఇరవై మంది కూర్చుని వైర్లు కలపటం, సోల్డరింగ్ చెయ్యటం. మధ్యాహ్నం అందరూ కలిసి పాయ ఒడ్డుకి వెళ్లి, తాము చేసినదాన్ని బురదలోకి వదలటం.

పీతలు పట్టి బతికే రావమ్మ మొదటి రోజు గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. ఒడ్డు దగ్గర రోబో రెండు గజాలు కూడా పోకుండా చక్రాలు కూరుకుపోతే అందరూ నవ్వారు గానీ ఆమె నవ్వలేదు.

"చక్రం ఇక్కడ పనికిరాదు మేడమ్. పీతని చూడండి. ఒక కాలు దిగబడితే ఇంకో కాలు లేపుద్ది," అంది.

మరో రెండు నెలలకి రోబోకి ఆరు కాళ్లు వచ్చాయి. అది మడచెట్ల వేళ్ల కిందికి దూరి, కన్నంలో కూర్చున్న పీతని ఫోనులో చూపించినప్పుడు రావమ్మ తెర మీదకి వంగి చాలాసేపు చూసింది. ఇరవై ఏళ్లుగా పడుతున్నాను గానీ, అది ఇంట్లో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదమ్మా అంది. ఆ మాట సంయుక్తతో పాటు బస్సెక్కి విజయవాడ దాకా వచ్చింది. పదిహేడేళ్లలో కాలేజీలో ఒక్కరు కూడా, ఆమె చేసిన దేన్నీ అంత సేపు చూడలేదు.

భర్త శరత్‌చంద్ర బెంజ్ సర్కిల్ దగ్గర ఇన్సూరెన్స్ ఆఫీసులో మేనేజరు. వెళ్లొద్దని ఎన్నడూ అనలేదు. బొమ్మలాటకి బయల్దేరావా అనేవాడు. ఇంటికి ఎవరైనా వస్తే, మా ఆవిడ పీతలకి ట్యూషన్ చెప్తుందండీ అని నవ్వించేవాడు. వచ్చినవాళ్లతో పాటు ఆమె కూడా నవ్వేది, కాఫీ కప్పులు అందిస్తూ. వెళ్లే రోజున నాలుగింటికే లేచి రెండు పూటలకీ వండి, అత్తగారి మాత్రలు వేళల వారీగా విడదీసి, ఫ్లాస్కులో నీళ్లు పోసి, అప్పుడు గడప దాటేది. ఆ పనంతా ఆయన కంటికి ఆనలేదు. ఆయన లేచేటప్పటికి ఇల్లు ఇంట్లాగే ఉండేది.

ఆ ఆదివారం పదకొండింటికి బాలసరస్వతి బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మధ్యాహ్నం ఎప్పటికో ఫోను వచ్చినప్పుడు సంయుక్త మోకాళ్ల దాకా బురదలో ఉంది. కాళ్లు సరిగా కడుక్కోకుండానే బస్సెక్కింది. ఆసుపత్రి వరండాలో చుట్టాలందరికీ శరత్‌చంద్ర చెబుతున్నాడు, పది నిమిషాలు కూరగాయలకని వెళ్లాను, ఈవిడేమో ఊళ్లో లేదు. అందరి చూపూ ఆమె పాదాల మీద ఆరిన మట్టి మీద పడింది. హాస్టల్ నుంచి కూతురు హరిచందన కూడా ఫోనులో, నానమ్మని అలా ఎలా వదిలి వెళ్లావమ్మా అంది. ఆపరేషన్ అయింది గానీ బాలసరస్వతి మళ్లీ లేచి నడవలేదు. సంయుక్తని ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనలేదు. ఆయా దొరకటం లేదన్నారు, అంతే.

ఈ శుక్రవారం పొద్దున, వీపు మీద తువ్వాలు ఆడుతుండగా, గోడ వైపు తిరిగి ఉన్న బాలసరస్వతి నోరు విప్పింది.

"ఆ రోజు వాడు కూరగాయలకి వెళ్లలేదమ్మాయ్."

సంయుక్త చెయ్యి ఆగింది.

"గదిలోనే ఉన్నాడు. చెవుల్లో అవి పెట్టుకుని క్రికెట్ చూసుకుంటున్నాడు. బాత్రూముకి తీసుకెళ్లమని మూడుసార్లు పిలిచాను. పడ్డాక కూడా చాలాసేపు పిలిచాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?"

"వాడు నా కొడుకు. నువ్వయితే ఓర్చుకుంటావు."

సంయుక్త తువ్వాలు పిండి ఆరేసింది. పౌడరు అద్దింది. దుప్పటి సరిచేసింది. వంటింట్లోకి వచ్చి నిలబడితే ఎందుకొచ్చిందో గుర్తు రాలేదు. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఈ పద్నాలుగు నెలల్లో తను తిన్న ప్రతి ముద్దా ఏదో తప్పు చేసినదానిలా తినటం గుర్తొచ్చింది. రాజీనామా కాగితం మీద, వ్యక్తిగత కారణాలు అని రాసినప్పుడు, ఇది నాకు తగిన శాస్తే అనుకోవటం గుర్తొచ్చింది. తెరేసమ్మ ఫోన్లు ఎత్తకపోవటం గుర్తొచ్చింది. తనకి ఓర్పు ఉందని అందరికీ తెలుసు. అందుకే ఎవరి బరువు దించుకోవాలన్నా అందరికీ తనే కనబడింది.

సాయంత్రం శరత్‌చంద్ర టీ తాగుతుంటే, గొంతు పెంచకుండా అడిగింది. ఆయన కప్పు బల్ల మీద పెట్టి తల్లి గదిలోకి వెళ్లాడు. అలా చెప్పావా అమ్మా అని అడిగాడు. బాలసరస్వతి కళ్లు మూసుకునే ఉంది.

"నాకేం గుర్తులేదురా," అంది.

ఆయన వెనక్కి వచ్చి, మందుల మత్తులో ఉన్న మనిషి మాటలు పట్టుకుని నన్ను దోషిని చేస్తావా అన్నాడు. సంయుక్త ఆయన వంక చూడలేదు. గుమ్మంలోంచి కనబడుతున్న అత్తగారి చెయ్యి దుప్పటి అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. గొంతు తడిపే చెయ్యి కోడలిదే, అయినా ఆ ముసలి ప్రాణానికి భయం మాత్రం కొడుకంటేనే. తనకి సాక్ష్యం చెప్పేవాళ్లు ఈ ఇంట్లో ఉండరు. ఉండాలని ఎదురుచూస్తే ఇంకో పద్నాలుగు నెలలు ఇలాగే గడుస్తాయి.

"ఎల్లుండి రెండో ఆదివారం. నేను వెళ్తున్నాను," అంది.

"అమ్మని వదిలేసా?"

"వదిలేసి కాదండీ. మీకు అప్పజెప్పి."

ఆదివారం బస్సు కూచిపూడి దాటింది, చల్లపల్లి దాటింది. అత్తగారు తడి బట్టల్లో పడి ఉంటుందేమోనన్న దిగులు ఆమెను వదలలేదు. రెండుసార్లు దిగిపోదామనుకుంది. వస్తున్నానని శనివారం తెరేసమ్మకి ఫోను చేసి చెప్పినా, హాల్లో ఇరవై మంది లేరు, ఆరుగురే ఉన్నారు. అందరికన్నా బాగా సోల్డరింగ్ చేసే మార్త పెళ్లయి వెళ్లిపోయిందట. ఆ రోజు అక్కడే వదిలేసిన రోబో కీళ్లన్నీ ఉప్పుగాలికి బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్క కాలూ కదలలేదు. రావమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో ఒక్కో కీలే తుడవటం మొదలుపెట్టింది.

అప్పుడు ఫోను మోగింది. శరత్‌చంద్ర. అమ్మ పక్కంతా తడిసిపోయిందట. ఆ డైపర్లు ఎక్కడ పెట్టి చచ్చావని అడిగాడు. గొంతులో కోపం కన్నా కంగారే ఎక్కువగా ఉంది.

సంయుక్త లేచి నిలబడలేదు. కుడిచేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

"ఆవిడ మంచం కిందేనండీ," అంది. "పద్నాలుగు నెలల్నుంచీ అక్కడే ఉన్నాయి."