సగం తిప్పిన కార్డు

పొద్దున కాఫీ గ్లాసు కడిగి బోర్లించాక కార్డులత్తయ్య చేసే మొదటి పని బల్ల తుడవటం. పొడిగుడ్డతో ఒకసారి, తడిగుడ్డతో ఒకసారి, మళ్లీ పొడిగుడ్డతో ఒకసారి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరేదాకా వాటిని గాల్లో ఆడిస్తూ నిలబడుతుంది. తెల్ల కార్డు మీద తడివేలు పడితే ఆ మచ్చ చచ్చినా పోదు. సరిగ్గా అప్పుడే ఎవరైనా తలుపు కొడితే మోచేత్తో గడియ తీస్తుంది, తీస్తూ నాలుగు తిడుతుంది. తిట్లు తిన్నవాళ్లు కూడా కార్డు తీసుకునే వెళ్తారు.

బల్లకి ఎడమవైపు రబ్బరు స్టాంపులు, సిరా ప్యాడ్లు. కుడివైపు ఎంబాసింగ్ ఫోల్డర్లు. ఫోల్డరంటే పుస్తకం అట్టలా తెరుచుకునే ప్లాస్టిక్ అచ్చు. ఒక రేకు మీద ఎత్తుగా ఉన్నదే రెండో రేకులో గుంటగా ఉంటుంది. మధ్యలో కార్డు పెట్టి మూసి, రెండు పలకల నడుమ ఇరికించి, మిషన్ రోలర్లలోకి తోసి పిడి తిప్పాలి. అవతలికి వచ్చాక తెరిచి చూస్తే కార్డు మీద పువ్వులో అక్షరాలో ఉబ్బెత్తుగా లేచి ఉంటాయి. చూస్తే ఎవరైనా చెయ్యొచ్చనిపిస్తుంది. చేస్తే కార్డు చిరుగుతుంది.

స్టాంపులకి ఏ పట్టింపూ లేదు. ఎవరు గుద్దినా, ఏ బుద్ధితో గుద్దినా పడతాయి. మాటల ఫోల్డర్లు అలా కాదు. వాటితో అచ్చు కావాలంటే కార్డు ఇచ్చే మనిషే వచ్చి పిడి తిప్పాలి. ఆ మాట మనసుకి తెలిసిన మాటైతే అక్షరాలు నిలబడతాయి. కాకపోతే పొయ్యి తగ్గించగానే పొంగిన పాలు దిగినట్టు మెల్లగా దిగిపోతాయి. ఇది వీధిలో అందరికీ తెలుసు, కుళాయి ఏ వేళకి వస్తుందో తెలిసినట్టే. దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు, ఏ మాట కావాలో మాత్రం ఇంటి దగ్గరే బాగా ఆలోచించుకుని వస్తారు.

ఆ మధ్య మంగలి తన తోడల్లుడి కోసం ‘నీ ఎదుగుదలే నా సంతోషం’ తీయించుకుందామని వచ్చాడు. పిడి తిప్పాడు. అక్షరాలు లేచినట్టే లేచి దిగిపోయాయి. తల గోక్కుని, “పోనీ, ‘ఆరోగ్యంగా ఉండు’ పెట్టు అత్తయ్యా, అది నిలుస్తుంది,” అన్నాడు. నిలిచింది. హాయిగా జేబులో పెట్టుకుపోయాడు.

‘తప్పు నాది’ ఫోల్డరు మాత్రం కొన్ననాటి మెరుపుతో అలాగే ఉంది. పెళ్లాలు తరిమితే వచ్చిన మొగుళ్లు కొందరు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, గులాబీ స్టాంపు వేయించుకుని వెళ్లిపోయారు.

అత్తయ్య ఉండేది అన్నయ్య ఇంట్లో. ముందుగదిలో బల్ల, వెనకగదిలో మంచం. నిజానికి ఆవిడ అత్తయ్య అయింది ఒక్కరికే, అన్నయ్య కూతురికి. ఆ పిలుపు వీధికంతా అంటుకుంది. కూతురికేమో వీధి పెట్టిన పేరు స్టీరింగు. మాటలు సరిగ్గా రాకముందే పళ్లెం ఎత్తి పట్టుకుని ఇల్లంతా తోలుకుంటూ తిరిగేది. పెద్దయ్యాక నిజంగానే స్కూలు వ్యానుకి డ్రైవరుగా ఎక్కింది. ఆ స్కూల్లోనే అన్నయ్య గుమాస్తా.

వ్యాను బ్రేకులు జారుతున్నాయని స్టీరింగు నోరు నొప్పి పుట్టేలా మొత్తుకుంది. స్కూలు యజమాని, సెలవుల్లో చూద్దాంలే అన్నాడు. సెలవులు ఇంకా రాకముందే, నిండా పిల్లలతో స్కూలు ముందరి వాలు దిగుతుంటే బ్రేకు పడలేదు. ఎదురుగా రోడ్డంతా జనం. ఆ పిల్ల వ్యానుని స్కూలు గోడకి రాసుకుంటూ పోనిచ్చి, ఎలాగో ఆపింది. అందరూ బయటపడ్డారు. కిటికీ పక్కన కూర్చున్న రెండు జడల పాపకి మాత్రం చెయ్యి విరిగింది.

మర్నాటికి వ్యానుకి కొత్త బ్రేకులు వచ్చాయి. వాటితోపాటు కొత్త కథా వచ్చింది. బ్రేకుల సంగతి యజమానికి ఎవరూ చెప్పనే లేదట, ఈ పిల్లే కళ్లు మూసుకుని తోలిందట.

ఆ సాయంత్రం అన్నయ్య కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా బల్ల దగ్గరికొచ్చాడు.

“శనివారం తల్లిదండ్రుల మీటింగు. అందరి ముందూ మన పిల్ల ఆ పాప వాళ్లమ్మకి ‘తప్పు నాది’ కార్డు ఇవ్వాలట. బజారు కార్డు పనికిరాదట, నీ కార్డే కావాలట. నీ కార్డు చూశాక ఎవరూ ఇంక మారుమాట్లాడరని సార్‌కి తెలుసు.”

“ఇవ్వకపోతే?”

“ఇస్తే ఆఫీసులో ఏదో మూల కూర్చోబెడతాడు. ఇవ్వకపోతే ఈ చుట్టుపక్కల ఎక్కడా బండి ముట్టుకోనివ్వడట. అన్నంత పనీ చేస్తాడు, నాకు తెలుసు.”

“నిలవదు అన్నయ్యా ఆ కార్డు.”

అన్నయ్య కుర్చీ లాక్కుని గొంతు తగ్గించాడు. “దూరం పోయే కార్డులకి దారిలో అచ్చు అణిగిపోకుండా వెనక గుంటల్లో జిగురు నింపుతావు కదా. అక్షరాలు లేచీ లేవగానే నింపేశావనుకో, ఇంక దిగడానికి చోటెక్కడుంటుంది?”

అత్తయ్యకి ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ పక్కన కూర్చుని కాఫీ తాగుతూ ఈ మనిషి నేర్చుకున్నది ఇదా అనుకుంది. పైగా ఆ ఉపాయం పనిచేస్తుంది. జిగురు నింపితే ఎంత అబద్ధమైనా ఏళ్లకేళ్లు నిలబడుతుంది.

“ఊళ్లో నా కార్డుని వేలితో తడిమి చూసి నమ్మే ప్రతి మనిషినీ మోసం చెయ్యమంటున్నావు.”

“నా కూతురి బతుకు కంటే ఎక్కువా నీ కార్డులు?”

“బతుకే సుమా నేనూ చెప్పేది. రేపటినుంచి దాని మొహం చూడగానే పిల్ల చెయ్యి విరగ్గొట్టిన మనిషని అంటారు. ఆ కార్డు పట్టుకుని మూల కుర్చీలో కూర్చుంటే అది బతుకా?”

“ఊరుకోండి ఇద్దరూ,” అంది స్టీరింగు గుమ్మంలోంచి. ప్రమాదమైన దగ్గర్నుంచీ ఆ పిల్ల కంచం ముందు కూర్చోవడం, మెతుకులు కెలికి లేవడం, అంతే. “నేను తిప్పుతాను. నాదే తప్పేమో అత్తా. బ్రేకులు వేయిస్తేగాని ఎక్కనని మొండికేసి ఇంట్లో కూర్చుని ఉంటే ఆ పాప చెయ్యి విరిగేదా? కళ్లు మూస్తే అదే కనబడుతోంది.”

అత్తయ్య ఫోల్డరులో కార్డు పెట్టి, పలకలు సర్ది, పిడి మేనకోడలి వైపు తిప్పింది. స్టీరింగు తిప్పింది. ఫోల్డరు తెరిస్తే అక్షరాలు నిండుగా లేచి ఉన్నాయి. అన్నయ్య గబగబా జిగురు సీసా అందుకున్నాడు. మూత సగం విప్పాడో లేదో అక్షరాలు దిగిపోయి కార్డు నున్నగా తెల్లగా మిగిలింది.

“ఇంకోటి పెట్టు,” అంది స్టీరింగు.

అదీ దిగిపోయింది. ఆ పిల్ల ఇంకో కార్డు తనే అందుకుంది, ఈసారి పళ్లు బిగబట్టి తిప్పింది. ఆ అక్షరాలు లేచిన పాపాన కూడా పోలేదు. ఖాళీ కార్డు మీద బొటనవేలితో రాసి చూసింది, వెనక్కి తిప్పి అటువైపూ రాసి చూసింది.

“అత్తా, నాది కాదు,” అంది నెమ్మదిగా. “నిన్నట్నుంచీ నాదేననుకుంటున్నాను. నాది కాదు.”

వంటింట్లోకి వెళ్లి అన్నం గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. గరిటె చప్పుడు ముందుగదిలోకి వినబడుతూనే ఉంది. అత్తయ్య కళ్లు తుడుచుకుని, అన్నయ్య చేతిలోంచి సీసా లాక్కుని మూత బిగించింది.

“శనివారం కార్డు తేను, మిషనే తెస్తాను. అందరి ముందూ అక్కడే తిప్పుతుంది. ఇంట్లో చేసి తెస్తే జిగురు పెట్టామని అనుమానపడే బుద్ధిమంతులుంటారు.”

“నలుగుర్లో పరువు తీస్తావా?”

“ఎవరికుంటే వాళ్లదే పోతుంది.”

“మరి నా ఉద్యోగమో?”

“అది నువ్వు చూసుకో అన్నయ్యా. నేను కార్డులు చేసుకునేదాన్ని.”

అన్నయ్య రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. శనివారం వాళ్లకంటే ముందే ఒక్కడే వెళ్లిపోయాడు. అత్తయ్య ఫోల్డర్లూ కార్డులూ కవర్లూ సంచీలో వేసి భుజాన తగిలించుకుంది. అత్తా మేనకోడలూ చెరోపక్కా పట్టుకుని మిషన్ మోశారు. దారిలో ఎక్కడ అరుగు కనబడితే అక్కడ దింపి, చేతులు మార్చుకుని, మళ్లీ ఎత్తారు. వీధిలో వాళ్లు ఎక్కడికని అడగలేదు, పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు.

హాలు నిండా తల్లిదండ్రులు పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. రెండు జడల పాప ముందు బెంచీలో వాళ్లమ్మ పక్కన ఉంది. చేతికి తెల్లటి సిమెంటు కట్టు, దాని మీద అప్పుడే స్నేహితులు గీసిన పిల్లి బొమ్మలు. మిషన్ చూడగానే యజమాని మొహం వెలిగిపోయింది.

“భేష్. ఇక్కడే తియ్యండమ్మా. అందరూ కళ్లారా చూస్తారు.”

అత్తయ్య బల్ల తుడిచి, చేతులు ఆరేదాకా గాల్లో ఆడించి, కార్డు పెట్టింది. స్టీరింగు తిప్పింది. అత్తయ్య ఫోల్డరు తెరిచి, లోపలి కార్డుని తను చూడకుండానే పాప తల్లికి ఇచ్చింది. ఆవిడ వేలితో తడిమి చూసి, స్టీరింగు మొహంలోకి చూసి, కార్డుని వెనక బెంచీకి అందించింది. కార్డు బెంచీ బెంచీ తిరిగింది. అది నున్నగా ఉందని అందరి వేళ్లకీ అర్థమైపోయింది.

యజమాని నవ్వాడు. “మోసుకొచ్చేటప్పుడు ఎక్కడో దెబ్బ తగిలినట్టుంది. మిషన్ పాడైంది.”

“పాడైందో లేదో తిప్పి చూడొచ్చండి,” అంది అత్తయ్య. “ఆ మాట నాది అనుకునేవాళ్లు ఎవరైనా సరే.”

వెనకాల బెంచీ కిర్రుమంది. అన్నయ్య లేచాడు. నడిచి వస్తుంటే ఆయన చెప్పుల చప్పుడొక్కటే వినబడింది. చెల్లెలి వంక చూడకుండా పిడి పట్టుకుని తిప్పాడు. ఆవిడ ఫోల్డరు తెరిచింది. ‘తప్పు నాది’ అని అక్షరాలు లేచి నిలబడ్డాయి, ఎంతసేపు చూసినా దిగలేదు.

“బ్రేకుల సంగతి మా అమ్మాయి నాతో చెబుతూనే ఉంది,” అన్నాడు అన్నయ్య. “అది చెప్పినప్పుడల్లా నేను సార్ గదిలోకి వెళ్లి చెప్పాను. తర్వాత సార్, నాకెవరూ చెప్పలేదన్నారు. నేను అక్కడే నిలబడి విన్నాను. విని నోరు మూసుకున్నాను. పైగా దాని చేతే ఈ మాట అనిపించాలని చూశాను. ఇది నాదే.”

స్టీరింగు తండ్రి వంకే చూస్తూ ఉండిపోయింది.

“బాగుంది నాటకం,” అన్నాడు యజమాని. “తండ్రీ కూతురూ మేనత్తా ఇంట్లో కూర్చుని కూడబలుక్కుని వచ్చారు.”

“అయితే మీరూ ఒకసారి తిప్పండి సార్. మీకు నున్నటి కార్డు వస్తే నాటకమే. మిషన్ ఇక్కడే వదిలేసి పోతాను, పాత ఇనుప సామానుకి వేసుకోండి.”

హాలంతా ఆయన వైపే చూస్తోంది. తిప్పనంటే ఒక బాధ, తిప్పితే ఒక బాధ. చొక్కా చేతులు మడుచుకుని, ఇదో పెద్ద పనా అన్నట్టు పిడి పట్టుకున్నాడు. మొదట సులువుగానే తిరిగింది. పలకలు సగం దాకా వెళ్లాక పిడి బరువెక్కింది. ఆయన రెండో చెయ్యి కూడా వేశాడు. మెడ నరాలు తేలాయి. మాట మరీ మందంగా వస్తున్నప్పుడు మిషన్ అలాగే చేస్తుందని అక్కడున్న సగంమందికి అనుభవమే. ఆయన పిడి వదిలేసి జేబురుమాలు తీశాడు.

“ఇరుక్కుపోయింది,” అన్నాడు.

అత్తయ్య పిడిని వెనక్కి తిప్పి పలకలు బయటికి లాగింది. ఫోల్డరు తెరిచి కార్డు ఎత్తి పట్టుకుంది. మొదటి సగంలో ‘తప్పు’ అని ఎంత ఎత్తుగా లేచిందంటే, కిటికీ వెలుగులో ఆ అక్షరాల నీడ కార్డు మీద పడింది. రెండో సగం తెల్లగా ఉంది.

యజమాని మళ్లీ పిడి మీద చెయ్యి వెయ్యబోయాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. స్టీరింగు అడ్డంగా వచ్చి నిలబడింది.

“సగం చాలు సార్,” అంది. “మిగతాది మాకు తెలుసు.”

పాప తల్లి లేచింది. “సోమవారం నుంచి మా పాప ఈ అమ్మాయి నడిపే బండిలోనే వస్తుంది. ఆ బండి మీదైతే మీ స్కూలుకి వస్తుంది, ఇంకొకరిదైతే ఇంకో స్కూలుకి పోతుంది. మీరే తేల్చుకోండి.” ఆవిడ వెనక ఇంకొకరు లేచారు, ఆ వెనక ఇంకొకరు. ఇరుకు బెంచీల్లోంచి మోకాళ్లు పీక్కుని అందరూ లేచేసరికి కాస్త ఆలస్యమైంది, అంతే. యజమాని జేబురుమాలు మడతపెడుతూ, అలాగే కానివ్వండి అన్నాడు.

స్టీరింగు ఆయన మాట కోసం ఆగలేదు. ఫోల్డర్లు వెతికి ‘త్వరగా కోలుకో’ తీసి, కొత్త కార్డు పెట్టి తిప్పింది. అక్షరాలు ఎంత లావుగా వచ్చాయంటే అత్తయ్య దగ్గరున్న ఏ కవరులోనూ కార్డు పట్టలేదు. పాప దాన్ని మంచి చేత్తో అందుకుని, అక్షరాలు నొక్కి నొక్కి చూసింది.

“అక్కా, దిగట్లేదు.”

“దిగదు.”

“సోమవారం హారన్ నేను కొట్టనా?”

“కొట్టు. బ్రేకు మాత్రం నాది.”

ఇంటికెళ్లేటప్పుడు మిషన్‌ని అన్నయ్య ఒక్కడే మోశాడు. చెయ్యి వేస్తామంటే ఇద్దర్నీ కసిరాడు.

సోమవారం పొద్దున అత్తయ్య బల్ల తుడిచి, చేతులు కడుక్కుని, గాల్లో ఆడిస్తూ నిలబడి ఉంది. వీధి చివర హారన్ మోగడం మొదలైంది. వీధి పొడవునా అది మోగుతూనే వచ్చింది, కుక్కలు లేచాయి, ఎవరో తిట్టారు. అత్తయ్య తడిచేతులతోనే గడియ తీసి గుమ్మంలోకి వచ్చింది. వ్యాను సరిగ్గా ఆవిడ ముందుకొచ్చి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.